ఇల్లు ఇరకటం

ఆ మధ్య మంచిర్యాలలో ఒక దగ్గరి బంధువు ఇంటికి వెళ్ళాను. వరండాలో గోడకు వేలాడదీసిన పంజరం. అందులో నాలుగు చిన్న పిట్టలు, రెండు మట్టి ముంతలు. అడుగున పరచిన పాత దినపత్రిక మీద రక్తపు చుక్కలు ఎండి నల్లబడి ఉన్నాయి. ఏమైందని అడిగాను.

"ఐదు ఉండె అన్నా. గా పచ్చది చూస్తున్నవా, గది ఉత్త గయ్యాళిది. పొద్దుగాల లేచి చూసేసరికి నీలిదాని తలకాయంతా పొడిచి పొడిచి సంపి పెట్టింది" అన్నాడు మా తమ్ముడి వరసవాడు.

లోపలి నుంచి మా చిన్నమ్మ అందుకుంది: "ఆడిదై పుట్టి గంత కోపమేందిరా దానికి!"

అందరూ నవ్వారు. ఆ పచ్చ పిట్ట మాత్రం పై ముంత నోటి దగ్గర కూర్చుని, మెడ సాచి మా వైపే చూస్తూ ఉంది.

నేను ఆ పంజరాన్ని కళ్ళతోనే కొలిచాను. రెండడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు. చచ్చిపోయినదానితో కలిపి ఐదు పక్షులు, వాటిలో మూడు ఆడవి. రెండు ముంతలు, ఒకటి పైమూలకు, రెండోది దాని కింద జానెడు దిగువకు. ఈ నాలుగు అంకెలూ తెలిశాక ఆ హత్య ఎవరు చేశారో వేరే విచారించనక్కర్లేదు. పంజరం కొన్నవాడు, ముంతలు కట్టినవాడు, ఐదింటినీ అందులో వదిలినవాడు ఒక్కడే. ఆ మాట అక్కడ అనలేకపోయాను. చుట్టరికం అడ్డువచ్చింది. ఇక్కడ అంటున్నాను.

మనకొక పాత సామెత ఉంది కదా, ఇల్లు ఇరకటం ఆలి మర్కటం అని. దీని రెండో సగం విని నవ్వేవాళ్ళే తప్ప మొదటి సగం దగ్గర ఆగి ఆలోచించేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. పెద్దలు రెండు వేర్వేరు కష్టాలుగా చెప్పారేమో నాకు తెలియదు గానీ, నా మటుకు నాకు అందులో కార్యకారణ సంబంధమే కనిపిస్తుంది. ఇల్లు ఇరకటం కాబట్టి ఆలి మర్కటమయింది. ఇల్లు కట్టినవాణ్ణి వదిలేసి ఆలిని ఆడిపోసుకోవడం మనకు తరతరాలుగా అలవాటు. ఇప్పుడా అలవాటును నలభై గ్రాముల బరువైనా తూగని పిట్ట దాకా తెచ్చాం.

సరే, అసలు విషయానికి వస్తాను.

మొదటి అబద్ధం పేరులోనే ఉంది. కరీంనగర్‌లో అడిగినా, ఆదిలాబాద్‌లో అడిగినా, 'లవ్ బర్డ్స్' అంటే దుకాణదారుడు చేతికిచ్చేది దాదాపు ఎప్పుడూ బడ్జెరిగార్ అనే పక్షినే. అది ఆస్ట్రేలియా చిలుక. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి పంజరాల గుండా లోకమంతా పాకింది. శాస్త్రం లవ్ బర్డ్ అని పిలిచే పక్షి వేరు. అది ఆఫ్రికా ఖండానిది, పొట్టి తోక, లావు ముక్కు, కాస్త బరువైన శరీరం. మన ఊళ్ళలో రెండింటికీ ఒకటే పేరు. జంటగా కూర్చుని ముక్కూ ముక్కూ రాసుకుంటాయి కనుక ప్రేమ పక్షులన్నారు. పెళ్ళికీ, గృహప్రవేశానికీ, పిల్లల పుట్టినరోజుకూ బహుమతిగా ఇస్తున్నారు. కథల్లోనూ, కవితల్లోనూ కొత్త దంపతుల గదిలో ఒక పంజరం వేలాడదీస్తే చాలు, అనురాగం స్థాపితమైనట్టే.

ప్రేమ లేదని నేననడం లేదు. మగపక్షి ఆడదాని నోటికి మేత అందిస్తుంది. ఆడది పద్దెనిమిది రోజులు గూట్లోంచి దాదాపు కదలకుండా గుడ్లు పొదుగుతుంటే బయటి నుంచి తెచ్చి పెట్టేది అదే. అయితే ఆ ప్రేమ ఒక జంట లోపలి వ్యవహారం. పక్క జంటతో ఆ ఆడపక్షికి ఉన్నది ప్రేమ సంబంధం కాదు, పొరుగు సంబంధం. పొరుగు సంబంధం సరిహద్దుల మీద నిలబడుతుంది. సరిహద్దు లేని చోట అది ఎలా పరిణమిస్తుందో పొలం గట్ల తగాదాలు చూసిన మన జిల్లాల వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

బడ్జెరిగార్ తొర్ర పక్షి. పుల్లలు ఏరి గూడు అల్లుకోవడం దానికి రాదు. ఆస్ట్రేలియా నడిమి పొడి నేలల్లో వాన పడి గడ్డి గింజ పట్టినప్పుడు, వాగుల వెంట ఉన్న యూకలిప్టస్ చెట్ల తొర్రల్లో గుడ్లు పెడుతుంది. అక్కడ వాన ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఆ కాస్త వ్యవధిలో తొర్ర దొరికిన ఆడపక్షికి సంతానం, దొరకనిదానికి లేదు. అందుచేత తొర్ర కోసం పోరాడే గుణం దానికి రోషం వల్లనో, దుర్గుణం వల్లనో వచ్చింది కాదు. తల్లి కావడానికి దానికి ఉన్న ఒకే ఒక అర్హత పత్రం ఆ రంధ్రం. ఈడు వచ్చిన ఆడపక్షికి ముక్కు పైభాగం, నాసికా రంధ్రాల చుట్టూ ఉన్న మెత్తని చోటు, గోధుమ రంగుకు తిరిగి గరుకుగా అవుతుంది. మగదానికి అదే చోటు నీలంగా ఉంటుంది. గోధుమ రంగు తిరిగిందంటే ఆ పక్షి తొర్ర వెతుకుతున్నదని అర్థం. తొర్ర ముంగిట్లో ఇంకొక గోధుమ ముక్కు కనబడితే ఊరుకోదని కూడా అర్థం.

అయితే ఇక్కడొక సంగతి గమనించాలి. ఇవే పక్షులు అడవిలో ఒకే చెట్టు మీద అనేక జంటలుగా, ఎవరి తొర్రలో వారు, పిల్లల్ని పెంచుకుంటాయి. కలహప్రియులైతే అలా కుదిరేదా? అక్కడా కొట్లాటలుంటాయి. కానీ ఓడిన పక్షి ఎగిరిపోతుంది. పక్క కొమ్మకు, పక్క చెట్టుకు, అవసరమైతే వంద మైళ్ళ అవతలి వాగుకు పోతుంది. గెలిచినది వెంటపడదు, దానికి తొర్ర చాలు. యుద్ధం పది క్షణాల్లో ముగుస్తుంది.

ఇందుకు ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు. జన్నారం వైపు, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల అడవుల్లో, చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో కాసేపు నిలబడి చూడండి. తొర్ర తొలవగలిగిన కులవృత్తుల వాళ్ళు రెండే: వడ్రంగి పిట్ట, కంసాలి పిట్ట. మిగిలినవన్నీ వాళ్ళు వదిలేసిన ఇళ్ళ కోసమో, కొమ్మ విరిగి పుచ్చిన బొరియల కోసమో ఎదురుచూసే అద్దెదారులే. రామచిలుక, గోరింక, పైడికంటె, పాలపిట్ట... అన్నింటికీ అదే తొర్ర కావాలి. చిలుకా గోరింకా ఒక తొర్ర ముందు చేసే రభస విన్నవాళ్ళు మళ్ళీ 'చిలకా గోరింకల్లా ఉన్నారు' అని ఏ జంటనూ దీవించరు. అయినా ఆ చెట్టు కింద పక్షి శవాల కుప్పలు కనబడవు. ఓడినది పోతుంది, పోవడానికి చోటుంది.

పంజరం ఈ ఒక్కదాన్నే లాగేసుకుంటుంది. మేత పెడతాం, నీళ్ళు పెడతాం, పిల్లి రాకుండా జాలీ కడతాం. ఓడి పారిపోయే వీలును మాత్రం తీసేస్తాం. ఓడిన పక్షి రెండడుగుల అవతల ఇనుప చువ్వను పట్టుకుని అక్కడే కనబడుతూ ఉంటుంది. గెలిచిన పక్షి దృష్టిలో అది ఇంకా పోలేదు, అంటే ఇంకా లొంగలేదు. మళ్ళీ పొడుస్తుంది. అది మళ్ళీ అక్కడే ఉంటుంది. పది క్షణాల్లో ముగియవలసిన పోరు మూడు రోజులు సాగి, తల మీద ఈకలు రాలి, చర్మం చిట్లి, చివరికి అడుగున దినపత్రిక మీద ముగుస్తుంది. దాన్ని మనం గయ్యాళితనం అంటున్నాం.

ఇదంతా ఇంత ధాటిగా చెబుతున్నానని నన్ను నిర్దోషిగా భావించకండి. మా మిద్దె మీద కూడా ఒకప్పుడు రేకుల షెడ్డు కింద ఒక పంజరం ఉండేది. కరీంనగర్‌లోనే ఒక దుకాణంలో మూడు జతలని చెప్పి ఆరు పక్షుల్ని ఇచ్చారు. "గవే కలిసిపోతయి సార్, రెండు రోజులు కొట్లాడుకుంటయి, తర్వాత దోస్తులైతయి" అని అభయం కూడా ఇచ్చారు. మూడు జతలకు మూడు ముంతలు కట్టాను. అదీ ఎలా? కంటికి ఇంపుగా ఉంటుందని మెట్లు మెట్లుగా, ఒకదాని కంటే ఒకటి పైకి. ఆరో రోజు ఒక పక్షి కన్ను పోయింది. పదో రోజు అది చనిపోయింది. ఆ తర్వాతే ముక్కుల రంగులు చూడడం నేర్చుకున్నాను. ఆరింటిలో నాలుగు ఆడవి, రెండే మగవి. నాలుగు ఆడపక్షులకు మూడు ముంతలు, ఆ మూడింటిలోనూ అన్నింటికీ కావలసింది అన్నింటికంటే పైనున్న ఒక్కటే. ఎందుకంటే తొర్ర ఎంత ఎత్తున ఉంటే పాముల నుంచి అంత భద్రమని వాటి రక్తంలో రాసి ఉంది. నా అందాల మెట్లు వాటికి పందెపు బరి అయ్యాయి. దుకాణదారుణ్ణి తిట్టుకున్నాను. కానీ రంగులు చూడకుండా కొన్నది నేను, మెట్లు కట్టింది నేను, పది రోజులు చూస్తూ 'సర్దుకుంటాయిలే' అనుకున్నది నేను.

ఆ 'సర్దుకుంటాయిలే' అన్న మాట మీదే నా ప్రధానమైన ఫిర్యాదు. ఇరుకులో పెట్టినవాడు ఇరుకున పడినవాళ్ళకు చెప్పే మాట అది. ఎవరు సర్దుకోవాలి? దేనితో సర్దుకోవాలి? మూడు తొర్రల్ని నాలుగుగా లెక్కపెట్టడం ఏ పక్షికీ రాదు.

పిట్టల్ని పెంచకపోతే ఏమీ నష్టం లేదు. నన్నడిగితే పెంచకపోవడమే మేలు. కానీ ఇప్పటికే ఇళ్ళలో ఉన్న వాటి మాటేమిటి? పంజరంలో పుట్టి పంజరంలో పెరిగినవి ఉన్నాయి, వాటికి రేపు గుడ్ల కాలం వస్తుంది. వాటి విషయంలో మనం చేయగలిగింది ఉంది. కష్టమైన విద్య కూడా కాదు. లెక్క తప్పకపోతే చాలు.

మొట్టమొదట జత సరి చూసుకోవాలి. నీలి ముక్కులు ఎన్నో గోధుమ ముక్కులు అన్నే ఉండాలి. జతలేని ఆడపక్షి ఒక్కటి మిగిలినా అది ఇతరుల ముంతల్లోకి దూరుతుంది, గుడ్లు పగులగొడుతుంది, కళ్ళు తెరవని పిల్లల్ని కూడా చంపుతుంది. మూడు నాలుగు నెలలు దాటని పిల్ల పక్షుల్లో ఆడామగా తేడా పట్టడం కష్టం. వాటి నుదుటి మీద చారలు ముక్కు దాకా ఉంటాయి. అలాంటివి కొన్నప్పుడు రంగు తేలేవరకు ముంతలు కట్టకుండా ఆగడమే పద్ధతి.

చిన్న పంజరంలో ఒకే జత. ఇందులో బేరం లేదు. గుంపుగా పెంచాలనుకుంటే మనిషి లోపలికి వెళ్ళి నిలబడగలిగినంత జాలీ గది కావాలి. అందులో జతలకంటే ముంతలు ఎక్కువ ఉండాలి. నాలుగు జతలుంటే ఆరు తక్కువ, ఎనిమిదైతే మంచిది. అన్నీ ఒకే ఎత్తున, ఒకే పరిమాణంలో, మూతుల మధ్య ఎడం ఉండేలా కట్టాలి. అన్నింటినీ ఒకే రోజు కట్టాలి. ఇవాళ ఒకటి, వచ్చే వారం ఒకటి కడితే, ప్రతి కొత్త ముంతా ఒక కొత్త తగాదా. అడుగున కాస్త రంపపు పొట్టు వేస్తే గుడ్లు దొర్లిపోవు. కొర్రలు, సజ్జలు, నీళ్ళు ఒకేచోట కాకుండా రెండు మూడు చోట్ల పెట్టాలి. లేకపోతే గూటి కాడ ఓడినది మేత దగ్గర కూడా ఓడుతుంది. ఆయుర్వేద దుకాణంలో దొరికే సముద్రపు నురుగు ముక్క ఒకటి జాలీకి కట్టాలి, గుడ్డు పెంకుకు కావలసిన సున్నం దానిలోంచి వస్తుంది.

గుడ్లు మొదలయ్యాక గుంపులోకి కొత్త పక్షిని తేకూడదు, ఉన్నదాన్ని అకారణంగా తీయకూడదు. తెగించి కొట్లాడే పక్షి కనబడితే ముందు వేరు చేయవలసింది దానినే. మనం సాధారణంగా దెబ్బలు తిన్నదాన్ని తీసి పక్కన పెట్టి, కొట్టినదాన్ని అక్కడే ఉంచుతాం. మరునాటికి అది ఇంకొకదాన్ని ఎంచుకుంటుంది. దెబ్బలు తిన్నదానికి వైద్యం చేయించాలి, కొట్టినదానికి దాని జతతో సహా విడిగా ఒక పంజరం, ఒక ముంత ఇవ్వాలి. ఇది శిక్ష కాదు. అది మొదటి నుంచీ అడుగుతున్నది అదే.

పిల్లల విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది. ఈ పక్షి రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది, నాలుగు నుంచి ఆరు దాకా. మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలవుతుంది కాబట్టి పిల్లలు కూడా ఒకదాని వెనుక ఒకటి పుడతాయి. పెద్ద పిల్లకు ఈకలు వచ్చేసరికి చిన్నది ఇంకా మాంసపు ముద్ద. ఇంచుమించు ఐదు వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. ఈలోగా తల్లికి రెండో కాన్పు తొందర పుట్టిందంటే, ఇంకా గూట్లో ఉన్న తన పిల్లల ఈకలే పీకుతుంది, పొడిచి తరుముతుంది. 'కన్న పిల్లల్నే చంపుకున్న రాక్షసి' అనే బిరుదు అప్పుడు వస్తుంది. ఆ తొందర పుట్టించిందెవరు? ఏడాది పొడుగునా ముంతలు తీయకుండా, మేత తగ్గించకుండా, కాన్పు మీద కాన్పు లెక్కపెట్టుకుని, పిల్లల జతకింత అని ధర కట్టుకున్న యజమాని. ఏడాదికి రెండు కాన్పులు చాలు. ఆ తర్వాత ముంతలు విప్పి కడిగి లోపల దాచేయాలి. తొర్ర కనబడకపోతే తగాదా కూడా చల్లబడుతుంది. తమంతట తాము తినడం వచ్చిన పిల్లల్ని వేరే పంజరంలోకి మార్చాలి.

కాలం మాట ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది మన జిల్లాల ప్రత్యేకమైన బాధ. రామగుండంలోనూ, ఆదిలాబాద్‌లోనూ ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల కింద మట్టి ముంతలో ఐదు పిల్లలు, తల్లి కలిసి ఉంటే అది గూడు కాదు, కుంపటి. వేడికి తట్టుకోలేని పక్షులు మరింత చిరాకుపడి కొట్లాడుకుంటాయి. చలికాలం ఆదిలాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంది, తల్లి కాసేపు లేచినా గుడ్లు చల్లబడతాయి. వానాకాలం సగం గడిచాక ముంతలు కట్టి, ఎండలు ముదరకముందే విప్పేయడం మన ప్రాంతానికి సరిపడే లెక్క. జనవరి రాత్రుల్లో గోనెపట్టా కప్పాలి. ఇంతమాత్రం పాటించలేనివాడు పక్షికి గూడు కట్టే పనికి పూనుకోకూడదు.

ఇక నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళు రెండు రకాలు.

మొదటి రకం వాళ్ళు, "ముక్కు కొన కత్తిరిస్తే సరి" అంటారు. ఇది సలహాగా బయట వినబడుతూనే ఉంది. ముక్కు దానికి చేయి, నోరు, చెంచా, దువ్వెన, అన్నీ. దాన్నే పట్టుకుని కొమ్మ ఎక్కుతుంది, దానితోనే పిల్లల నోట్లో మేత పోస్తుంది. లోపల నరాలూ రక్తనాళాలూ ఉన్న అవయవం అది. ఇల్లు ఇరుకైందని ఇల్లాలి చేతులు విరగ్గొట్టే ఆలోచన ఇది. నాలుగు ముంతలు ఎక్కువ కట్టడానికి పట్టే ఖర్చు కంటే ఆ కత్తెర ఖరీదే ఎక్కువ.

రెండో రకం వాళ్ళు నాకు దగ్గరి మనుషులు, సున్నిత హృదయులు. "పంజరం తలుపు తీసి వదిలేయండి, స్వేచ్ఛే పరిష్కారం" అంటారు. మానేరు డ్యాం కట్ట మీద నిలబడి ఒక పిట్టను గాల్లోకి వదిలే దృశ్యం అందంగానే ఉంటుంది. ఆ తర్వాతి దృశ్యం ఎవరూ చూడరు. పంజరంలో పుట్టిన ఆస్ట్రేలియా చిలుకకు మన కాకి ఎవరో తెలియదు, గద్ద నీడ తెలియదు, మేత ఎక్కడ వెతకాలో తెలియదు. పసుపు, నీలం, తెలుపు రంగులతో ఆకుల మధ్య దాక్కోవడం కూడా దానికి సాధ్యం కాదు. మనం చేసిన తప్పు మన కళ్ళముందు చావకుండా దూరంగా పంపి చంపడం విముక్తి అనిపించుకోదు. వదిలేయవలసింది అమ్మకం దగ్గర, కొనుగోలు దగ్గర. తెచ్చుకున్నదానికి చివరిదాకా బాధ్యత వహించాలి.

మన రామచిలుక, మునియా, గోరింకల సంగతి వేరు. అవి ఈ నేలవే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. వాటికి గూడు కట్టే మెళకువలు ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: అటవీ శాఖకు అప్పగించండి. పాలపిట్టను 2014 నవంబరులో తెలంగాణ రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మన నమ్మకం. ఎగురుతూ కనబడితే శుభమన్న నమ్మకాన్ని, రెక్కలు కట్టి పంజరంలో తిప్పుతూ పైసలకు చూపించే వ్యాపారంగా కొన్నిచోట్ల మార్చుకున్నాం. దాని తొర్ర ఉన్న ముసలి చెట్టును మాత్రం ఎండిపోయిందని కొట్టేస్తాం. బతికున్న తొర్రలు తగ్గేకొద్దీ అడవిలో కూడా తగాదాలు పెరుగుతాయి. పంజరం ఇనుముతోనే తయారు కానక్కర్లేదు.

చట్టం ఏమంటున్నదో కూడా చూద్దాం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో, మెలగడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో ప్రాణిని ఉంచడం క్రూరత్వమేనని స్పష్టంగా ఉంది. మొదటిసారి చేసిన నేరానికి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల దాకా. అవును, యాభై రూపాయలు. అరవై ఏళ్ళు దాటినా ఆ అంకె కదల్లేదు. పక్షి జత ధర దానికి ఎన్నో రెట్లు. 2018 నాటి నియమాల ప్రకారం పెంపుడు జంతువులు అమ్మే ప్రతి దుకాణమూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. మీ ఊరి దుకాణం గోడ మీద ఆ పత్రం ఉందేమో ఈసారి వెళ్ళినప్పుడు అడిగి చూడండి. 2015లో ఢిల్లీ హైకోర్టు, పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు ఉందని, వాటిని చిన్న పంజరాల్లో బంధించి వ్యాపారం చేసే హక్కు మనుషులకు లేదని అభిప్రాయపడింది. అంత పెద్ద మాట మన వరండాల దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో గానీ, అంతవరకు ఒక చిన్న మాటకైనా చోటివ్వమంటున్నాను. ఎగిరే హక్కు ఇవ్వలేకపోతే, కనీసం ఓడి తప్పుకునే చోటైనా ఇవ్వండి.

చివరగా ఆ 'గయ్యాళి' అన్న పదం. మంచిర్యాల నుంచి తిరిగి వస్తూ రైల్లో దాని గురించే ఆలోచించాను. ఉమ్మడి కుటుంబాల ఇళ్ళలో, ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి దగ్గర ముగ్గురు తోడికోడళ్ళను నిలబెట్టి, వాళ్ళ తగాదాల మీద ఎన్ని కథలు, ఎన్ని సినిమాలు అల్లుకున్నాం! ఆ ఇంటికి రెండో పొయ్యి ఎందుకు లేదని అడిగిన కథలు ఎన్ని? పోట్లాడే ఆడది మనకు హాస్యం. పోట్లాట పెట్టిన గోడలు మనకు కనబడవు. ఆ చూపే పంజరం మీదికి కూడా ప్రసరించింది. లేకపోతే తన గుడ్డుకు చోటు వెతుక్కున్న ఒక ప్రాణిని చూసి, 'ఆడిదై పుట్టి గంత కోపమా' అని, అదీ ముగ్గురు పిల్లల్ని రెండు గదుల ఇంట్లో పెంచిన మా చిన్నమ్మ నోటి వెంట ఎలా వస్తుంది?

ఆ రాత్రే తమ్ముడికి ఫోను చేశాను. పచ్చదానికీ దాని జతకూ ఒక పంజరం, మిగిలిన జతకు ఒకటి, ముంతలు ఒకే ఎత్తున అని చెప్పాను. "రెండు పంజరాలా? జాగ యాడిది అన్నా, ఇల్లే ఇరుకు" అన్నాడు.

సామెత మొదటి సగం వాడి నోటి వెంటే వచ్చింది. రెండు రోజుల తర్వాత వాడే ఫోను చేసి, చెప్పుల అర ఖాళీ చేసి రెండో పంజరం పెట్టానన్నాడు. ఆ పచ్చది ఇప్పుడు ముంతలోంచి బయటికే రావడం లేదట.

"గయ్యాళితనం తగ్గిందా?" అని అడిగాను.

"గిప్పుడు దానితోని కొట్లాడేటోళ్ళే లేరు గదన్నా" అన్నాడు.